కావలివాని బాధ్యత – ఇంటివారి బాధ్యత

"దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినవట" అని మనలో ఒక సామెత కలదు. సమయానికి మేల్కొనని కావలిని ఎత్తిపొడుచుటకు పెద్దలు ఈ మాటను వాడేవారు. నేడు భారత ప్రభుత్వం ఆ ఆరు నెలలను ఆరు గంటలకు కుదించినది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ జారీచేసిన ఆదేశాల ప్రకారం, తమ కంప్యూటరు వ్యవస్థపై దాడి జరిగినట్లు గమనించిన ఆరు గంటలలోగా ప్రభుత్వ కార్యాలయాలు, వ్యాపార సంస్థలు ఆ సంగతిని దానికి తెలియజేయవలసి ఉన్నది. ఈ నియమం మంచిదే అని మా అభిప్రాయం. కాని చెప్పవలసినవారు ఎవరు, వినవలసినవారు ఎవరు అన్న ప్రశ్నకు ఆ ఆదేశంలో సగం సమాధానం మాత్రమే ఉన్నది. మిగిలిన సగాన్ని గూర్చి ఆలోచించుటయే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

ముందుగా ఈ సంస్థ ఏమిటో తెలిసికొనుట అవసరం. సెర్ట్-ఇన్ 2004 జనవరిలో పని ప్రారంభించినది. ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వశాఖ క్రింద ఉన్నది. సమాచార సాంకేతిక చట్టానికి 2008లో చేసిన సవరణ ద్వారా, 70బి అను సెక్షను క్రింద దీనికి చట్టబద్ధమైన హోదా లభించినది. దాడులను గూర్చిన సమాచారాన్ని సేకరించి విశ్లేషించుట, రాబోవు ప్రమాదాన్ని గూర్చి ముందుగా హెచ్చరించుట, ఆపద వచ్చినపుడు వివిధ శాఖల కృషిని సమన్వయపరచుట, అనుసరించవలసిన పద్ధతులను సూచించుట దీని ముఖ్య విధులు. ఇది పోలీసు శాఖ కాదు; దొంగను పట్టి కోర్టుకు అప్పగించుట దీని పని కాదు. సామాన్యుడు మోసపోయి డబ్బు పోగొట్టుకొన్నపుడు పిలువవలసిన 1930 నంబరు కేంద్ర హోంశాఖ ఏర్పాటు. విద్యుత్తు, బ్యాంకులు, రవాణా వంటి కీలక రంగాల వ్యవస్థలను కాపాడుటకు 2014లో నోటిఫై చేయబడిన మరొక ప్రత్యేక సంస్థ కలదు. సెర్ట్-ఇన్ పని అంటువ్యాధుల కాలంలో ఆరోగ్యశాఖ పని వంటిది. ఒక వాడలో కలరా కనిపించినదని తెలిసిన వెంటనే పది వాడలను హెచ్చరించుట దాని ధర్మం. ఆ మొదటి వాడవారు జబ్బును దాచిపెట్టినచో హెచ్చరిక ఎక్కడనుండి వచ్చును?

ఈ పోలిక ఊహామాత్రం కాదు. 2017 మే 12న "వన్నాక్రై" అను హానికర ప్రోగ్రాము నూటయాభై దేశాలలోని కంప్యూటర్లను తాళం వేసి, తాళపుచెవికి వెల అడిగినది. ఇంగ్లండులో ఆసుపత్రులు స్తంభించినవి. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు సైతం దాని బారిన పడినవి. గమనింపవలసిన సంగతి ఏమనగా, ఆ లోపాన్ని సరిదిద్దు మందును మైక్రోసాఫ్ట్ సంస్థ అదే సంవత్సరం మార్చిలోనే విడుదల చేసినది. మందు ఉన్నది, దానిని వేసుకొన్నవారు లేరు. కావలివాడు ఎంత కేక వేసినను, ఇంటివారు తలుపు గడియ పెట్టుకొననిచో ప్రయోజనం ఉండదని దీనివలన తెలియుచున్నది.

2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థపై జరిగిన దాడి మరియొక పాఠం. అయిదు సర్వర్లు దెబ్బతిన్నవనియు, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం తాళంలో పడినదనియు ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపినది. దేశం నలుమూలలనుండి వచ్చిన రోగులకు చాలా రోజులపాటు కాగితాలపై చేతివ్రాతతో చీటీలు వ్రాసి ఇచ్చినారు. చివరకు ఆదుకొన్నది ఏమి? దాడి సోకని వేరొక సర్వరులో దాచి ఉంచిన నకలు ప్రతి. మన తాతలు విత్తనాలను ఒకే గాదెలో పోయకపోవుటకు కారణం ఇదే కదా!

సెర్ట్-ఇన్ నమోదు చేసిన సైబర్ భద్రతా సంఘటనలు 2022లో 13.91 లక్షలు, 2023లో 15.92 లక్షలు, 2024లో 20.41 లక్షలు. ఈ లెక్కలను ప్రభుత్వమే పార్లమెంటులో ప్రకటించినది. వీనిలో పెరుగుదల కొంత దాడులవలన, కొంత చెప్పుకొనువారి సంఖ్య పెరుగుటవలన కావచ్చును. ఆ రెండవ కారణం సంతోషింపదగినది. ఎందుచేతననగా మన సమాజంలో మోసపోయినవాడు మోసగించినవానికంటె ఎక్కువగా సిగ్గుపడుచున్నాడు.

మా విద్యార్థిని ఒకరి అనుభవం ఇందుకు తార్కాణం. ఉపకార వేతనం మంజూరైనదని ఎవరో ఫోను చేసి, ఆమె సెల్‌ఫోనుకు వచ్చిన అంకెలను అడిగి తెలిసికొన్నారు. పరీక్ష ఫీజుకై తల్లి కుట్టుపని చేసి కూడబెట్టి, ఖాతాలో వేసిన మొత్తం క్షణాలలో మాయమైనది. ఆ బాలిక నాలుగు రోజులు ఎవరికిని చెప్పలేదు. "చదువుకొన్నదానివి, నీకీపాటి తెలియదా?" అని అందరూ అందురని ఆమె భయం. అయిదవ నాడు మాతో చెప్పినది. అప్పటికి ఆ సొమ్ము చేతులు మారిపోయినది. మొదటి గంటలోనే 1930కి చెప్పి ఉన్నచో కొంతయైనను నిలిచెడిదేమో. ఆమెను దోచినది ఒక దొంగ. ఆ దొంగకు నాలుగు రోజుల వ్యవధి ఇచ్చినది మాత్రం మనందరం కలిసి ఆమెకు నేర్పిన సిగ్గు.

వ్యక్తుల సంగతి ఇట్లుండగా సంస్థల సంగతి వేరుగా లేదు. బ్యాంకుగాని, ఆసుపత్రిగాని, కళాశాలగాని తన పరువు పోవునని దాడిని దాచిపెట్టును. అందువలన ఆరు గంటల నియమాన్ని మేము సమర్థించుచున్నాము.

అయితే న్యాయం ఇరువైపుల ఉండవలెను. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం సెర్ట్-ఇన్‌ను సమాచార హక్కు చట్టం పరిధినుండి తప్పించినది. అవినీతి ఆరోపణలకు, మానవ హక్కుల ఉల్లంఘనకు సంబంధించిన విషయాలలో తప్ప పౌరుడు దానిని ప్రశ్నించుటకు ఇప్పుడు వీలు లేదు. భద్రతా సంస్థ తన రహస్యాలను బజారున పెట్టజాలదని కొందరు వాదింతురు. ఆ వాదంలో కొంత సత్యం ఉన్నది. గోడలోని కన్నాన్ని పూడ్చకముందే దాని చోటును చాటుట అవివేకం. కాని దేశ భద్రతకు భంగం కలిగించు సమాచారాన్ని నిరాకరించు అధికారం ఆ చట్టంలోని 8వ సెక్షనులోనే ముందునుండి ఉన్నది. ఒక్కొక్క ప్రశ్నను తూచి, చెప్పదగినది చెప్పి, దాచదగినది దాచుటకు అది చాలును. తలుపు మొత్తం మూసివేయుట అనవసరమని మా దృఢ విశ్వాసం.

పై 2022 ఆదేశాలలోనే, వి.పి.ఎన్. సేవలనిచ్చువారు తమ వినియోగదారుల పేర్లు, చిరునామాలు మున్నగు వివరాలను అయిదేండ్లు భద్రపరచవలెనని ఉన్నది. దీనిని అంగీకరింపక కొన్ని విదేశీ సంస్థలు మన దేశంనుండి తమ సర్వర్లను తొలగించుకొన్నవి. నేరస్థుని పట్టుటకు జాడ అవసరమే. కాని సేకరించిన ప్రతి వివరం మరల కాపాడవలసిన మరొక ధనం అగుచున్నది. మన మత సంప్రదాయంలో దీనిని "అమానత్" అందురు. ఇతరులు నమ్మి అప్పగించిన వస్తువు మనది కాదు. దానికి మనం జవాబుదారులం. ప్రజల సమాచారం ప్రభుత్వం వద్ద అమానత్. అది పోయినపుడు, ఎవరిది పోయినదో వారికి చెప్పుట అమానత్ స్వీకరించినవారి మొదటి కర్తవ్యం. "ఆరు గంటలలో నాకు చెప్పుము" అని శాసించు సంస్థ, "ఇన్ని రోజులలో నేను ప్రజలకు చెప్పెదను" అని తన మీద కూడ ఒక గడువు విధించుకొన్ననాడు దాని మాటకు రెట్టింపు గౌరవం కలుగును.

ఇతరులను అడుగుటకు ముందు మనం మన ఇంటిని చూచుకొనవలెను. మన కళాశాల కార్యాలయంలోని కంప్యూటరులో వందలాది విద్యార్థుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, తల్లిదండ్రుల ఆదాయ వివరాలు ఉన్నవి. అవి కూడ అమానత్‌యే. పాలకవర్గం వారికి సవినయంగా నాలుగు సూచనలు చేయుచున్నాము. ఒకటి, ఆ సమాచారం యొక్క నకలును వారానికొకసారి వేరొక డిస్కులో తీసి, కంప్యూటరుకు తగిలించకుండ బీరువాలో ఉంచవలెను. రెండు, కార్యాలయంలోని ప్రతి ఉద్యోగికి వేరువేరు సంకేతపదం ఉండవలెను. గోడకు అంటించిన ఒకే చీటీ పనికిరాదు. మూడు, ఆపద సంభవించినచో ఎవరికి చెప్పవలెనో ఒక అధ్యాపకుని పేరు, సెర్ట్-ఇన్ వారి 1800-11-4949 నంబరు, 1930 నంబరు నోటీసు బోర్డుపై వ్రాయించవలెను. ఆరు గంటల నియమం కళాశాలలకు వర్తించునా లేదా అని న్యాయవాదులు తేల్చువరకు ఆగుటకంటె, దానిని స్వచ్ఛందంగా పాటించుట మేలు. నాలుగు, మోసపోయి వచ్చి చెప్పుకొన్న విద్యార్థిని ఎవరును మందలింపరాదు.

విద్యార్థులకు ఒక మాట. సెర్ట్-ఇన్ సాంకేతిక హెచ్చరికలు ప్రధానంగా ఇంగ్లీషులో వెలువడుచున్నవి. హైదరాబాదులోని సి-డాక్ వంటి సంస్థలు ప్రాంతీయ భాషలలో అవగాహన సాహిత్యం అందించుచున్నను, అది మన ఇండ్లలోని అమ్మీలకు, నానమ్మలకు చేరుటలేదు. రెండు భాషల పత్రికను వెలువరించు కళాశాల మనది. నెలకొక హెచ్చరికను తెలుగు శాఖవారు తెలుగులోనికి, ఉర్దూ శాఖవారు ఉర్దూలోనికి అనువదించి, మసీదు వద్ద, బజారులో, నెట్ సెంటరు గోడపై అంటించినచో అది ఏ పాండిత్య వ్యాసానికిని తీసిపోని సేవ. "డిజిటల్ అరెస్టు" అనునది మన చట్టంలో ఎక్కడను లేదన్న ఒక్క వాక్యం సమయానికి చేరినచో ఒక వృద్ధుని జీవితకాలపు పొదుపు నిలువవచ్చును.

కావలివాడు లేని ఊరు దొంగల పాలగును. ప్రశ్నకు అందని కావలివానిపై ఊరికి నమ్మకం నిలువదు. ఊరివారు నిద్రపోవుచుండగా కావలివాడు ఒక్కడే మేల్కొని చేయగలిగినదియు స్వల్పమే. అతడు మనకు చెప్పవలెను. మనం అతనికి చెప్పవలెను. ఆ నాలుగు రోజుల మౌనం మన కళాశాలలో మరొక బాలికకు ప్రాప్తింపకుండుగాక!