మిగిలిన అన్నం ఎవరి కంచంలోకి?

మన ఇళ్ళలో షుగరూ బీపీల ప్రస్తావన రాని రోజు లేదు. ఆయనకి టీలో పంచదార వద్దు, మామయ్యగారికి ఉప్పు వేయకముందే కూర విడిగా తీయాలి, అత్తయ్యగారి మాత్రలు నిండుకున్నాయి, పిల్లాడు ఫోను చూస్తూ చిప్స్ ప్యాకెట్ ఖాళీ చేస్తున్నాడు. ఈ లెక్కలన్నీ చూసేది మనమే. అందుకే ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ బీపీ ఎంత? ఆఖరిసారి ఎప్పుడు చూపించుకున్నారు? "చిన్నది కడుపులో ఉన్నప్పుడు" అని గుర్తొచ్చిందంటే, ఈ నాలుగు ముక్కలూ మీకోసమే.

మా బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ల్యాబులకి కొదవలేదు. పొద్దున్నే ఏ ల్యాబ్ ముందైనా చూడండి, పరగడుపున కుర్చీల్లో కూర్చున్న వాళ్ళలో దంపతులు చాలామందే ఉంటారు. చొక్కా చెయ్యి మడిచి రక్తం ఇచ్చేది ఆయన, పక్కన ఫైలూ, ఫ్లాస్కూ పట్టుకుని కూర్చునేది ఆవిడ. ఇద్దరూ తినేది ఒకే వంట, పీల్చేది ఒకే గాలి. పరీక్ష మాత్రం ఒక్కరికే!

ఇది డబ్బున్న వాళ్ళ జబ్బు, పట్నం జబ్బు అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. మన పక్కనే ఉన్న ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో, ఏడాదిలో ఎవరెవరు ఎందువల్ల చనిపోయారో ఇంటింటికీ వెళ్ళి అడిగి లెక్క తీశారు. 2006లో ప్రచురించిన ఆ అధ్యయనం ప్రకారం మరణాల్లో 32 శాతం గుండెపోటు, పక్షవాతం లాంటి రక్తప్రసరణ జబ్బుల వల్లే. అంటు రోగాలవి అందులో సగం కూడా లేవు. పచ్చటి పొలాల మధ్య ఉన్న ఊళ్ళ సంగతే అది. మన కృష్ణా డెల్టా మాత్రం ఎంత తేడాగా ఉంటుంది? అదే నీళ్ళు, అదే వరి, అదే ఆవకాయ.

ఇక ఆడవాళ్ళ సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో నూటికి 36 మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. మగవాళ్ళ కంటే మనమే ఎక్కువ. "రోజంతా గానుగెద్దులా తిరుగుతూనే ఉంటాం కదా, ఒళ్ళెలా వస్తుంది?" అని మనకి మనమే ఆశ్చర్యపోతాం. నాకు తోచిన జవాబు గిన్నె అడుగున ఉంది.

అందరూ తిన్నాక ఒంటిగంటన్నరకో, రాత్రి పదింటికో మనం కూర్చుంటాం. కూర అడుగంటి ఉంటుంది, పప్పు చెంచాడు ఉంటుంది, అన్నం మాత్రం గిన్నెడు ఉంటుంది. పారేస్తే అన్నపూర్ణకి కోపం వస్తుంది. కాబట్టి ఆ తెల్లటి అన్నమంతా ఊరగాయ ముక్కతోనూ, చివర పెరుగుతోనూ మన కడుపులోకే. పిల్లలు వదిలేసిన ఇడ్లీ, మిగిలిపోయిన పులిహోర కూడా అంతే. లెక్క చూస్తే, కూరలూ పప్పూ ఇంట్లో వాళ్ళకి, పిండిపదార్థమూ ఉప్పూ మనకి! హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు కంచంలో సగం కూరగాయలూ, ఆకుకూరలూ, పళ్ళూ ఉండాలంటారు. ఆఖరున తినే మనిషి కంచంలో అవి ఎక్కడ మిగులుతాయి? ఉప్పు మనిషికి రోజుకి ఐదు గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే చిన్న చెంచాడు. అప్పడం, చల్లమిరపకాయ, గోంగూర పచ్చడి, అన్నీ ఆ చెంచాలోనే ఇమడాలి.

ఇంకో సంగతి మనకెవరూ చెప్పరు. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి, కాన్పు కాగానే పోయిందనుకోండి, "హమ్మయ్య" అని మర్చిపోతాం. అలా వచ్చిన వాళ్ళకి ముందు ముందు అసలు షుగర్ వచ్చే అవకాశం, రాని వాళ్ళ కంటే ఏడు రెట్లు పైనే. అప్పట్లో బీపీ పెరిగి గుర్రపువాతం దాకా వెళ్ళిన వాళ్ళకి గుండెజబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ ఇచ్చే రక్షణ కూడా తగ్గిపోతుంది. నలభై దాటిన మనం సరిగ్గా ఆ గడప దగ్గరే ఉన్నాం.

వచ్చిన జబ్బుని గుర్తుపట్టడంలోనూ తేడా ఉంది. సినిమాల్లో గుండెపోటు అంటే గుండె పట్టుకుని పడిపోవడమే. గుడివాడ వైపు మా బంధువు ఒకావిడకి సంక్రాంతి పిండివంటల మధ్య దవడ లాగింది, వీపు బరువెక్కింది, చెమటలు పట్టాయి. అందరూ "గ్యాసు" అన్నారు. ఆవిడా అదే అనుకుని సోడా తాగి అరిసెలు పూర్తి చేసింది. మర్నాటికి గానీ ఈసీజీ తీయలేదు. బతికింది కానీ గుండె బలం సగమైంది. ఆడవాళ్ళలో ఆయాసం, వికారం, ఎన్నడూ లేని నీరసం, దవడ, మెడ, వీపు నొప్పి కూడా గుండెపోటు లక్షణాలు కావచ్చు. అలాంటప్పుడు పొయ్యి కట్టేసి 108కి ఫోన్ చేయాలి. అరిసెలు లేకపోతే సంక్రాంతి ఏమీ ఆగిపోదు.

"ఇంటి పనే వ్యాయామం" అంటారు కొందరు. కాదనను. కానీ వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంగా నడవాలని డాక్టర్లు చెప్పేది వేరు. దానికి రెండు కావాలి. ఒకటి చోటు. రెండు జాతీయ రహదారులు కలిసే మా సర్కిల్లో కార్లు పైవంతెన మీంచి వెళ్ళిపోతాయి, కింద నడిచే మనిషికి మాత్రం ఫుట్‌పాత్ మీద బండ్లూ బోర్డులూ అడ్డం. ఇది కార్పొరేషన్ తీర్చాల్సిన సంగతి. రెండోది సమయం. పొద్దున ఆరున్నరకి ఆవిడ నడకకి వెళ్తే కాఫీ ఎవరు కలపాలి? ఇది ఇంట్లో వాళ్ళు తీర్చాల్సిన సంగతి.

నాకు ఉన్న అభ్యంతరం ఇదే. ఆరోగ్యం మీద ఏ ప్రచారమైనా మనల్ని వంటమనిషిగానే చూస్తుంది. "అమ్మా, నూనె తగ్గించండి, మీవారి గుండె కాపాడండి" అంటుంది. మీ గుండె ఎలా ఉందమ్మా అని అడగదు. వాళ్ళు అడిగేదాకా ఆగనక్కర్లేదు. ముప్పై దాటిన వాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ ఉచితంగానే చూస్తారు. బీపీ 140/90, పరగడుపు షుగర్ 126 దాకా వచ్చాయంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. షుగర్ 100 దాటినా జాగ్రత్త మొదలుపెట్టాలి. టైలరింగ్ టేపు ఇంట్లోనే ఉంటుంది. మనకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటకూడదు.

ఇక అన్నం సంగతి. బియ్యం ఒక గుప్పెడు తగ్గించి పోయండి. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడు అందరూ పంచుకుంటారు. కూర మాత్రం ముందే మీ వాటా గిన్నెలోకి తీసిపెట్టుకోండి. అది స్వార్థం కాదు. మామయ్యగారికి ఉప్పు లేని కూర విడిగా తీసే చెయ్యి, తన కోసం ఒక గరిటె తీసుకుంటే తప్పేముంది?