ఘోషా ఆసుపత్రి గుర్తుచేసే హక్కు

విజయనగరంలోని ప్రభుత్వ ప్రసూతి వైద్యాలయాన్ని జనం ఘోషా ఆసుపత్రి అంటారు. గోషా అంటే పరదా. పరదా పాటించే స్త్రీకి గౌరవానికి లోటు రాకుండా వైద్యం అందాలన్న పాతకాలపు ఆలోచన ఆ పేరులో నిలిచివుంది.

ఆ ఆలోచన ఎంత అవసరమో బొడ్డుతాడు జారిన కాన్పులో తెలుస్తుంది. ఉమ్మనీరు పోయాక బిడ్డకంటె ముందుగా తాడు కిందికి వస్తే, బిడ్డ శరీరమే దానిని నొక్కివేస్తుంది, ప్రాణవాయువు ఆగిపోతుంది. అప్పుడు మిగిలేవి నిమిషాలే. మెడకు తాడు చుట్టుకోవడం వేరు. అది తరచు కనిపించేదే, చాలాసార్లు హాని చేయదు. తాడు జారితే మాత్రం దానిని లోపలికి నెట్టకుండా, తల్లిని మోకాళ్లపై వంచి, తల దించి నడుము ఎత్తి ఉంచి, వెంటనే 108కు ఫోను చేయాలి.

"డాక్టరు మగవాడేమో, ఇంటి పెద్ద రానీ" అని మనం ఆగరాదు. ప్రాణం మీదికి వచ్చినపుడు నిషేధాలు సడలుతాయన్నది మన ధర్మశాస్త్రంలో స్థిరపడిన సూత్రం.

అయితే నేరమంతా కుటుంబాలపై మోపి ప్రభుత్వం తప్పుకోజాలదు. ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు, సిజేరియన్, రక్తం, రవాణా ఉచితమని 2011లో జననీ శిశు సురక్ష కార్యక్రమం హామీ ఇచ్చింది. రాత్రివేళ ఆపరేషన్ చేసే వైద్యురాలు, మత్తు డాక్టరు లేనిచోట ఆ హామీ కాగితమే. టెక్కలిలోనైనా, రాజాంలోనైనా వారిద్దరూ రేయింబవళ్లు అందుబాటులో ఉండాలని మేము కోరుతున్నాము. పరదాలోని ముస్లిం తల్లికీ, కొండదారిలో డోలీపై వచ్చే ఆదివాసీ తల్లికీ ఇది సమాన హక్కు.