చెత్తకు తలకు ఎంత ఖర్చు? ఆ లెక్క మన ఆరోగ్యానికెందుకు?

వానలు మొదలైన కొన్ని వారాలకే మా ఓపీలో జ్వరాల వరస పెరుగుతుంది. గత సీజన్‌లో ఒకే ఇంటి నుంచి తల్లి, ఇద్దరు పిల్లలు డెంగీతో వచ్చారు. “మా ఇంట్లో చుక్క నీళ్లు నిలవనీయం సార్, ట్యాంకుకు కూడా మూత ఉంది” అన్నాడు ఆ ఇంటాయన. ఆయన చెప్పింది నిజమే. కానీ పక్కనున్న ఖాళీ సైటులో టెంకాయ చిప్పలు, టీ కప్పులు, పాత టైర్లు పడి ఉన్నాయి. వాటిలో నిలిచిన వాన నీటిలో డెంగీ దోమ గుడ్డు ఎగిరే దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. ఆ చెత్తను వారానికోసారైనా ఎత్తేసి ఉంటే చాలా దోమలు పుట్టేవే కావు.

అందుకే మున్సిపాలిటీ చెత్త మీద పెట్టే ఖర్చు నా దృష్టిలో వైద్య ఖర్చే. అక్కడ పెట్టని రూపాయి రక్తపరీక్షలకు, సెలైన్లకు, పోయిన కూలీకి మన జేబులోంచి వెళ్తుంది.

రోజుకు ఒక రూపాయి

2021 అక్టోబరు 2న రాష్ట్రంలో ‘క్లాప్’ పేరుతో ఇంటింటి చెత్త సేకరణ మొదలైంది. దానికి యూజర్ చార్జీ పెట్టారు. కార్పొరేషన్లలో అది ఇంటికి నెలకు 120 రూపాయల దాకా ఉండేది. జనం ‘చెత్త పన్ను’ అన్నారు, కోపగించుకున్నారు. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి దాని రద్దును ప్రకటించారు.

నలుగురున్న ఇంటికి 120 రూపాయలంటే మనిషికి నెలకు 30, రోజుకు ఒక రూపాయి. ఆ భారం ఇంటి మీద పడాలా వద్దా అన్నది వేరే చర్చ. పన్ను పోయినా ఖర్చు మాత్రం పోలేదు. కార్మికుల జీతాలు, బండ్ల అద్దె, డీజిల్, చెత్త శుద్ధి అన్నీ అలాగే ఉన్నాయి. ఆ డబ్బు ఇప్పుడు ఆస్తి పన్ను నుంచో, ప్రభుత్వ నిధుల నుంచో రావాలి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకిచ్చే గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి మాత్రమే వాడాలని షరతు పెట్టింది. ఇందులో సగం పారిశుద్ధ్యానిది. అంటే దీన్ని వేరే పనులకు మళ్లించడం కుదరదు.

తిరుపతినీ చిత్తూరునూ ఒకే తక్కెడలో తూచలేం

తలసరి ఖర్చు తేల్చడం సులువే అనిపిస్తుంది. ఏడాది పారిశుద్ధ్య ఖర్చును జనాభాతో భాగిస్తే సరి. చిత్తూరుకు ఈ పద్ధతి దాదాపు సరిపోతుంది. 2012లో కార్పొరేషన్ అయిన ఆ ఊళ్లో చెత్త ఎక్కువగా ఆ ఊరివాళ్లదే.

తిరుపతి సంగతి వేరు. 2011 జనగణన ప్రకారం నగర జనాభా మూడు లక్షలకు కాస్త తక్కువ. శ్రీవారి దర్శనానికి మామూలు రోజుల్లోనే అరవై, డెబ్భై వేల మంది వస్తారు. కొండ మీద చెత్తను టీటీడీ చూసుకుంటుంది. కానీ ఆ భక్తుల్లో చాలామంది బస్టాండు, రైల్వేస్టేషన్, లాడ్జీలు, అలిపిరి దారిలో ఒక పూటైనా గడుపుతారు. వాళ్ల నీళ్ల సీసాలు, టిఫిన్ ప్లేట్లు నగరపాలక సంస్థ బండిలోకే చేరతాయి.

ఉదాహరణకు, మూడు లక్షల మందికి లెక్కగట్టినప్పుడు తలకు 100 రూపాయలు పెడుతున్నారనుకుందాం. రోజూ వచ్చే 65 వేల మందిని కలిపి లెక్కిస్తే అది 82 రూపాయలకు పడిపోతుంది. అంటే కాగితం మీద తిరుపతి ఎక్కువ ఖర్చు చేస్తున్నట్టు కనిపించినా, నిజానికి ఒక్కో మనిషి చెత్తకు దక్కేది తక్కువే. 2023లో టీటీడీ బోర్డు తన బడ్జెట్‌లో ఒక శాతం నగరాభివృద్ధికి ఇవ్వాలని తీర్మానించడం, ప్రభుత్వం దానికి ఒప్పుకోకపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. యాత్రికుల చెత్త ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకు ఇంకా తెగువ దొరకలేదు.

ఎక్కువ ఖర్చయితే శుభ్రమైనట్టేనా?

కాదు. ప్రపంచ బ్యాంకు 2018 నివేదిక ప్రకారం పేద దేశాల్లో మున్సిపల్ బడ్జెట్‌లో సగటున 20 శాతం చెత్తకే పోతుంది. ధనిక దేశాల్లో అది 4 శాతం మాత్రమే. అయినా పేద దేశాల్లో 90 శాతానికి పైగా చెత్త బహిరంగంగా పడెయ్యడమో కాల్చడమో జరుగుతోంది.

చిత్తూరు కన్నా కాస్త చిన్నదైన ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపుర్ ఇంకో దారి చూపింది. అక్కడ మహిళా సంఘాలు ఇంటింటికీ వెళ్లి తడి, పొడి చెత్తను విడివిడిగా తీసుకుంటాయి. మళ్లీ పనికొచ్చేవాటిని ఏరి అమ్ముతాయి. ఊరి పాత డంపింగ్ యార్డు పార్కుగా మారింది. కలిపిపడేసిన చెత్తను మోయడానికీ, తర్వాత వేరు చేయడానికీ రెండుసార్లు ఖర్చవుతుంది. ఇంట్లోనే వేరు చేస్తే ఆ రెండో ఖర్చు చాలావరకు తగ్గుతుంది.

కార్పొరేషన్‌ను ఏం అడగాలి?

బడ్జెట్ సమావేశాల వేళ మీ కార్పొరేటర్‌ను ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

• పారిశుద్ధ్య ఖర్చులో సేకరణకు ఎంత, శుద్ధికి ఎంత?
• టన్ను చెత్తకు ఎంత ఖర్చవుతోంది? తలసరి లెక్క కన్నా రెండు ఊళ్లను పోల్చడానికి ఇదే నమ్మదగ్గది.
• తిరుపతిలో అయితే, యాత్రికుల సంఖ్యను లెక్కలో కలిపారా?
• కార్మికులకు గ్లౌజులు, బూట్లు, హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ అందుతున్నాయా?

చివరి ప్రశ్న చిన్నదిగా తీసుకోకండి. చెత్తలో దాక్కున్న సూది గుచ్చుకుని వచ్చిన కార్మికులకు నేను వైద్యం చేశాను. ఆ సూది చాలాసార్లు ఏదో ఒక ఇంట్లో ఇన్సులిన్ వేసుకున్నదే.

ఇంట్లో మన వంతు

• తడి చెత్త ఆకుపచ్చ బుట్టలో, పొడి చెత్త నీలం బుట్టలో, ప్రమాదకరమైనవి ఎరుపు బుట్టలో వేయండి.
• ఇన్సులిన్ సూదులను మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, పైన ‘సూదులు’ అని రాసి విడిగా ఇవ్వండి. శానిటరీ ప్యాడ్లను కాగితంలో చుట్టి ఇవ్వండి.
• ప్లాస్టిక్‌ను కాల్చకండి. ఆ పొగ ఆస్తమా ఉన్నవాళ్లకు, పసిపిల్లలకు మరీ చెరుపు.
• వారానికో రోజు ఇంటి చుట్టూ, మేడ మీద నీళ్లు నిలిచిన పాత్రలన్నీ బోర్లించండి.
• వానాకాలంలో జ్వరమొస్తే డాక్టరును అడగకుండా ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వేసుకోకండి. కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం, మగత ఉంటే వెంటనే ఆసుపత్రికి రండి.

ఆ ఇంటాయన పిల్లలు వారం తర్వాత ఇంటికెళ్లారు. వెళ్లేముందు ఆయన, “ఆ సైటు ఎవరు శుభ్రం చేస్తారు సార్?” అని అడిగాడు. మందుల చీటీ మీద రాయలేని జవాబు అది. మన కార్పొరేషన్ బడ్జెట్‌లోనే అది ఉండాలి.