మొదటి మంచు పడేలోగా నాలుగు టైర్లు

ఒట్టావాలోనూ చుట్టుపక్కలా ఉంటున్న తెలుగు కుటుంబాలకు, ఈ ఏడాది కొత్తగా దిగిన విద్యార్థులకు, మన సంఘాల పెద్దలకు ఒక విన్నపం

సెప్టెంబరు వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "అన్నా, స్నోకి ఏ కారు తీసుకోమంటారు?" జవాబు కూడా ఏటా ఒకటే. "పెద్దది తీసుకో తమ్ముడూ. ఆల్ వీల్ డ్రైవ్ ఉంటే ఇంక భయం లేదు." ఆరేళ్ల కిందట నాకూ ఇదే చెప్పారు. చెప్పినవాళ్లు నా మేలు కోరినవాళ్లే. నమ్మాను. దాచుకున్న డబ్బంతా పోసి, ఇంకొంత అప్పు చేసి, సెకండ్ హ్యాండ్‌లో ఎత్తయిన బండి కొన్నాను. టైర్లు కొత్తవేనని అమ్మినాయన చెప్పాడు. కొత్తవే, కాకపోతే ఆల్ సీజన్ టైర్లు. అన్ని కాలాలకూ అని పేరులోనే ఉంది కదా, ఇంక అడగడానికేముంది అనుకున్నాను.

డిసెంబరు రెండో వారం. సాయంత్రం ఐదున్నరకే చీకటి. మధ్యాహ్నం పడిన మంచు చక్రాల కింద నలిగి, గాజులా తేలింది. సరుకులు కొనుక్కుని నలుగురం వస్తున్నాం. వేగం నలభై కూడా లేదు. ముందు సిగ్నల్ ఎర్రబడింది. బ్రేకు మీద కాలు వేశాను. పాదం కింద పెడల్ గడగడా వణికింది. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తన పని తాను చేస్తోంది. బండి మాత్రం ఆగలేదు. స్టీరింగు తిప్పినా తిరగలేదు. తెల్లగీత దాటి, కూడలి నడిమధ్యకు నింపాదిగా జారుకుంటూ పోయింది. కుడివైపు నుంచి వస్తున్న బస్సు హారను మోగిస్తూ ఆగింది. వెనక సీటులోని బియ్యం బస్తా ముందుకు దొర్లి నా భుజానికి తగిలింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ బస్సు కూడా ఆగలేకపోయి ఉంటే ఈ కాగితం రాయడానికి నేను ఉండేవాణ్ని కాదు.

మర్నాడు టైర్ల షాపులో ఒక పెద్దాయన నా బండి చుట్టూ తిరిగి చూసి చెప్పిన మాట ఇది: "నీ ఇంజను నాలుగు చక్రాల్నీ తిప్పుతుంది, నిజమే. కానీ బ్రేకు ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటుంది." ఆల్ వీల్ డ్రైవ్ గురించి తెలియాల్సిందంతా ఈ రెండు వాక్యాల్లో ఉంది. మంచులో కూరుకున్న బండి కదలడానికి అది సాయం చేస్తుంది. ఎత్తుగా ఉన్న వీధి ఎక్కడానికి పనికొస్తుంది. ఆగడానికి, మలుపులో దారి తప్పకుండా ఉండడానికి మాత్రం రోడ్డును పట్టుకునేది రబ్బరే. తేలిగ్గా కదులుతోంది కదా అని ధైర్యం వచ్చి వేగం పెంచుతాం. అక్కడే ప్రమాదం.

చలికాలంలో కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టుకుపోవడం మనందరం చూసిందే. రబ్బరుకూ ఇంచుమించు అలాంటి గతే పడుతుంది. 7 డిగ్రీల కిందికి దిగితే ఆల్ సీజన్ టైరు రబ్బరు గట్టిపడటం మొదలవుతుంది, పట్టు సడలుతుంది. లంబసింగిలో సున్నా దగ్గరికి దిగితే మనకు పేపర్లో వార్త. ఇక్కడ జనవరిలో మైనస్ 20 మామూలు రోజు. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉండేలా చేస్తారు. దాని మీద సన్నటి గాట్లు వందల కొద్దీ ఉంటాయి. అవి మంచును కరిచి పట్టుకుంటాయి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. రోడ్డు దాటుతున్న పిల్లాడి ముందు ఆగుతామా లేదా అన్నది ఆ గాట్ల చేతిలో ఉంది.

కాబట్టి కారు కొనబోయే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మాట: చేతిలో ఉన్న మొత్తంలోంచి ముందు టైర్ల డబ్బు పక్కన పెట్టండి, మిగిలినదానితో కారు చూడండి. ముందు చక్రాలు తిరిగే మామూలు చిన్న కారు, కరోలా లాంటిది, సివిక్ లాంటిది, నాలుగు మంచి వింటర్ టైర్లతో ఒట్టావా చలికాలం సుఖంగా గడిపేస్తుంది. ఇంజను బరువు తిరిగే చక్రాల మీదే ఉంటుంది కనుక కదలడానికీ పెద్దగా ఇబ్బంది పడదు. పెద్ద బండికి టైర్లూ పెద్దవే, ఖరీదూ ఎక్కువే. అప్పు చేసి ఆ బండి కొన్నవాడే టైర్ల దగ్గర "వచ్చే ఏడాది చూద్దాం" అంటాడు. ఊరి బయట, మంచు ఎత్తే బండి ఆలస్యంగా వచ్చే దారుల్లో ఉండేవాళ్లకు ఎత్తయిన బండి అవసరమే, కాదనను. వాళ్లకూ టైర్లు కావాల్సిందే.

సెకండ్ హ్యాండ్ కారైతే రంగు చూసి మురిసిపోకండి, వంగి కింద చూడండి. ఇక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పు అడుగుభాగాన్ని తినేస్తుంది. బ్రేకు గొట్టాలు తుప్పు పట్టాయేమో మెకానిక్‌కు చూపించాకే అడ్వాన్సు ఇవ్వండి. బ్యాటరీ పరీక్ష చేయించండి, చలికి ముందు చచ్చేది అదే. ఎలక్ట్రిక్ కారు తీసుకునేవాళ్లు చలిలో మైలేజీ బాగా పడిపోతుందని లెక్కలో వేసుకోండి.

టైరు కొనేటప్పుడు దాని పక్కగోడ మీద ఒక గుర్తు వెతకండి. మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచురేకు. ఆ గుర్తుంటేనే వింటర్ టైరు. ఉత్త 'ఎం ప్లస్ ఎస్' అక్షరాలు చాలవు. అక్కడే నాలుగు అంకెలుంటాయి. 3522 అని ఉంటే 2022లో 35వ వారం తయారైందని అర్థం. గాడుల లోతు 4 మిల్లీమీటర్ల కంటే తగ్గిన టైరును మంచు మీదికి తేవద్దని కెనడా రవాణా శాఖే చెబుతోంది. డబ్బు మిగులుతుందని ముందు రెండు చక్రాలకే వేయించకండి. ముందు భాగం ఆగుతుంది, వెనక భాగం గిర్రున తిరుగుతుంది.

ఇక రూల్స్. మన ఊళ్లో ఒక నది ఉంది. దానికి ఇవతల ఒట్టావా, అవతల గాటినో. రెండు ఊళ్ల మీదా పడేది ఒకే మంచు. అవతల క్యూబెక్‌లో 2008 నుంచి చట్టం ఉంది. మొదట డిసెంబరు 15 నుంచి అన్నారు, 2019 నుంచి డిసెంబరు 1కి జరిపారు. ఆనాటి నుంచి మార్చి 15 దాకా అక్కడ రిజిస్టరైన ప్రతి కారుకూ వింటర్ టైర్లు ఉండాల్సిందే. లేకపోతే 200 నుంచి 300 డాలర్ల జరిమానా. అద్దె కార్లకూ ఇదే రూలు. ఇవతల అంటారియోలో అలాంటి చట్టం లేదు. ఇక్కడి నంబరు ప్లేటుతో వంతెన దాటితే ఆ చట్టం మనకు పట్టదు. అద్దె తక్కువని గాటినోకు మకాం మార్చి ప్లేటు మార్చుకున్న రోజు నుంచీ పడుతుంది. పొద్దున్నే వంతెన మీద ఒకే వరుసలో, ఒకే మంచు మీద, వింటర్ టైర్ల కారు వెనక అరిగిన ఆల్ సీజన్ టైర్ల కారు వస్తుంది. ముందు కారు ఆగుతుంది. వెనకది ఆగుతుందో లేదో దేవుడికే తెలియాలి. వింటర్ టైర్లు లేనివాడి పొరపాటుకు ఉన్నవాడు దెబ్బ తింటున్నాడు. అందుకే ఇది ఎవరి ఇష్టానికి వారిని వదిలేయదగ్గ సంగతి కాదంటున్నాను.

ఎక్కడికి వెళ్తే అక్కడి లెక్క వేరు. బ్రిటిష్ కొలంబియా కొండదారుల్లో అక్టోబరు 1 నుంచే వింటర్ టైర్లు తప్పనిసరి, చాలా చోట్ల ఏప్రిల్ 30 దాకా. కొలరాడోలో ఐ-70 కొండదారి మీద సెప్టెంబరు నుంచి మే దాకా రూలు ఉంది. కాలిఫోర్నియా కొండల్లో బోర్డు పెట్టి చక్రాలకు గొలుసులు కట్టమంటే కట్టాల్సిందే. జర్మనీలో తేదీలు లేవు. రోడ్డు మీద మంచు ఉందా, టైరుకు గుర్తుండాలి. 2024 అక్టోబరు నుంచి అక్కడ కొండ గుర్తు ఒక్కటే చెల్లుతుంది. మేకులు దిగేసిన టైర్లు క్యూబెక్‌లో చలికాలంలో వేసుకోవచ్చు, జర్మనీలో నిషేధం. క్రిస్మస్ సెలవుల్లో టొరంటోలో కారు అద్దెకు తీసుకునేవాళ్లు వింటర్ టైర్లున్నాయా అని అడిగి తీసుకోండి. అడక్కపోతే ఇవ్వకపోవచ్చు.

"వెయ్యి డాలర్లు ఎక్కడ తేవాలి అక్కా? టైర్లు ఎక్కడ పెట్టాలి? ఉండేది బేస్‌మెంటులో నలుగురం" అని పోయిన ఏడాది ఒక అమ్మాయి మా ఆవిడను అడిగింది. న్యాయమైన ప్రశ్న. చదువు ఫీజు కట్టి, పార్ట్‌టైమ్ జీతంలోంచి ఇంటికి పంపేవాళ్లకు వెయ్యి డాలర్లు చిన్న మాట కాదు. కొండ గుర్తున్న ఆల్ వెదర్ టైర్లు ఒక దారి. అవి ఏడాది పొడవునా ఉంచేసుకోవచ్చు, చోటు వెతుక్కునే పని లేదు. గట్టి చలిలో అసలు వింటర్ టైరుకు సాటి రావు గానీ ఆల్ సీజన్ కంటే ఎంతో మేలు. ఇంకొకటి, అంటారియోలో 2016 జనవరి 1 నుంచి వింటర్ టైర్లు ఉన్నవాళ్లకు ప్రతి ఇన్సూరెన్సు కంపెనీ ప్రీమియంలో తగ్గింపు ఇచ్చి తీరాలి. వాళ్లంతట వాళ్లు చెప్పరు. ఫోను చేసి అడగండి.

ఇవన్నీ ఒక్కో మనిషి చేసుకునేవి. సంఘాలు చేయాల్సింది వేరే ఉంది. దీపావళికి హాలు తీసుకుంటాం, సింగర్ని పిలుస్తాం, ఐదారు వందల మందికి భోజనాలు పెడతాం. చేయాలి, వద్దనడం లేదు. ఆ ఖర్చులో ఒక పాయ తీసి టైర్ల నిధి పెట్టమంటున్నాను. కారు మార్చినప్పుడు మన ఇళ్లలో మంచి టైర్లు రిమ్ములతో సహా మిగిలిపోతాయి, వాటిని గ్యారేజీ మూల పెట్టి మరిచిపోతాం. అవి పోగు చేసి, లోతు కొలిచి, సైజు రాసి, కొత్తగా వచ్చినవాళ్లకు ఒక చలికాలానికి ఇచ్చి మళ్లీ తీసుకుందాం. మొదటి మంచు పడ్డాక ఒక ఆదివారం పొద్దున, అనుమతి తీసుకుని, ఖాళీ పార్కింగులో కొత్తవాళ్లను కూర్చోబెట్టి బ్రేకు వేయిద్దాం. పెడల్ వణికితే కాలు తీయకూడదని, బండి జారితే చూపు వెళ్లాల్సిన వైపు ఉండాలని అక్కడ తెలుస్తుంది. నేను డ్రైవింగ్ లైసెన్సు జీ2 టెస్టు ఆగస్టు ఎండలో పాసయ్యాను. మంచు మీద బ్రేకు వేయడమంటే ఏమిటో నాకు ఆ కూడలిలోనే తెలిసింది.

ఆ ఆదివారం కొత్తవాళ్లకు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. మంచులో బండి ఇరుక్కుంటే ఇంజను ఆన్ చేసే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తవ్వాలి. గొట్టం మూసుకుపోతే విషవాయువు లోపలికి వస్తుంది, వాసన కూడా తెలియదు. డిక్కీలో పార, దుప్పటి, మైనస్ 40 రాసి ఉన్న వాషర్ నీళ్లు ఉంచుకోండి. 2010 డిసెంబరులో సార్నియా దగ్గర 402 హైవే మీద వందలాది మంది మంచు తుపానులో కార్లలోనే రాత్రి గడపాల్సి వచ్చింది, సైన్యం హెలికాప్టర్లు దిగాయి.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. ఓటున్నవాళ్లు, లేనివాళ్లు అందరం అంటారియో శాసనసభలోని మన సభ్యుడికి (ఎంపీపీకి) ఉత్తరం రాద్దాం. క్యూబెక్‌లో ఉన్న రూలు అంటారియోకూ కావాలని అడుగుదాం. రూలుతో పాటు సాయం కూడా అడుగుదాం. మానిటోబాలో చట్టం లేదు గానీ, అక్కడి ప్రభుత్వ ఇన్సూరెన్సు సంస్థ వింటర్ టైర్లకు బండికి 2,000 డాలర్ల దాకా తక్కువ వడ్డీకి అప్పిచ్చే పథకం పెట్టింది. అలాంటిది ఇక్కడా ఉంటే ఆ బేస్‌మెంటు అమ్మాయికి చట్టం శిక్షలా అనిపించదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో టైర్ల నిధి మాట నేను లేవనెత్తుతాను. బలపరచడానికి లేచి నిలబడండి. గ్యారేజీ ఉన్నవాళ్లు కాస్త చోటివ్వండి. మా గ్యారేజీలో ఎడమ గోడ ఖాళీ చేశాను. నాలుగు సెట్లు పడతాయి. ఒక సెట్టు, 15 అంగుళాలది, ఇప్పటికే అక్కడుంది. ఎవరికి కావాలో చెప్పండి.