ఎయిర్ ఫ్రయర్ కొనేముందు ఒక్క మాట

"షుగరు ఉంది, వేపుళ్లు తగ్గించమన్నారు. ఎయిర్ ఫ్రయర్ కొనుక్కుంటే తినవచ్చా?" ఈమధ్య తరచుగా వినబడే ప్రశ్న ఇది. గుండెజబ్బు ఉన్నవారు, కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారు కూడా ఇదే అడుగుతున్నారు. తినవచ్చు. అయితే ఆ పెట్టె ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలుసుకుని కొనడం మేలని మా అభిప్రాయం.

పేరులో వేపుడు ఉన్నా ఇది నూనెలో వేపే సాధనం కాదు. చిన్న కరెంటు ఓవెన్ అనుకోండి. లోపల పైభాగాన ఒక హీటరు, ఒక ఫ్యాను ఉంటాయి. బుట్టలో వేసిన ముక్కల చుట్టూ ఫ్యాను వేడిగాలిని వేగంగా తిప్పుతుంది. దానితో ముక్క పైన ఉన్న తడి ఆరిపోయి కరకరలాడుతుంది. ఫిలిప్స్ కంపెనీ 2010లో ఈ పేరుతో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది.

దీనివల్ల మొదటి లాభం నూనె తగ్గడం. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 క్యాలరీలు ఉంటాయి. దొండకాయ వేపుడుకు మూడు నాలుగు పెద్ద చెంచాల నూనె పోసే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇందులో రెండు చిన్న చెంచాలు సరిపోతాయి. రెండవ లాభం, వాడిన నూనె బాధ ఉండదు. అప్పడాలు, గారెలు వేపిన నూనెను దాచి మళ్లీ మళ్లీ కాచడం మనకు అలవాటు. కాచినకొద్దీ నూనె చెడిపోయి, అందులో పోలార్ కాంపౌండ్లు అనే పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడరాదనే నిబంధన మన దేశంలో 2018 జూలై 1 నుంచి అమలులో ఉంది. హోటళ్లలోనైతే తనిఖీ చేయవచ్చు. మన వంటింట్లో ఆ పరీక్ష ఎవరు చేస్తారు?

ఇక చేయలేనివి చూద్దాం. ఈ పెట్టె నూనెను తగ్గిస్తుంది గాని ఉప్పును తగ్గించదు. రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నూనె లేకుండా కాల్చినంత మాత్రాన అప్పడంలోని ఉప్పు ఎక్కడికీ పోదు. ప్యాకెట్లలో వచ్చే నగ్గెట్స్ సంగతీ అంతే. అలాగే బంగాళదుంప ఎలా వండినా బంగాళదుంపే. షుగరు ఉన్నవారు దానిని కొద్దిగానే తినాలి. నూనె లేదు కదా అని రెండింతలు తింటే, వేపుడు బాగుందని ఇంకో ముద్ద అన్నం కలుపుకుంటే, మిగిలిన లాభం ఏమీ ఉండదు.

వాడేవారికి కొన్ని సూచనలు. బెండకాయ, దొండకాయ, వంకాయ ముక్కలు తుడిచి, తడి లేకుండా, నూనె పట్టించి వేయండి. 180 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు చాలు. మధ్యలో ఒకసారి బుట్టను కదపాలి. చేపముక్కలకు పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి 12 నుంచి 15 నిమిషాలు ఉంచండి. కోడిమాంసం ఎముక దగ్గర ఎర్రగా ఉంటే ఇంకా ఉడకాలి. బజ్జీల వంటి జారుడు పిండి ఇందులో పనికిరాదు, కారిపోతుంది. దుంపలు నల్లబడేదాకా మాడ్చకండి. పిండిపదార్థం ఎక్కువ వేడికి మాడితే అక్రిలమైడ్ అనే హానికర పదార్థం పెరుగుతుంది. బంగారు రంగు రాగానే తీయండి. బుట్టను ఇనుప పీచుతో తోమవద్దు.

ఇది 1500 వాట్ల దాకా కరెంటు లాగుతుంది. మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించకండి. గోడకు ఆనించి పెట్టకండి. అమెరికాలోని పిల్లలు తెచ్చిన మిషను అయితే మరీ జాగ్రత్త. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. నేరుగా ప్లగ్గు పెడితే కాలిపోతుంది.

మరి కొనాలా? ఎక్కువసేపు పొయ్యి దగ్గర నిలబడలేని పెద్దలకు, ఒంటరిగా ఉండేవారికి, ఆపరేషన్ అయి కోలుకుంటున్నవారికి ఇది నిజంగా ఉపకారమే. టైము కాగానే అదే ఆగిపోతుంది. కాని దీనికోసం అప్పు చేయవద్దు, మందులకు ఉంచిన డబ్బు తీయవద్దు. కూరగాయలను ముందు ఆవిరిమీద సగం ఉడికించి, రెండు చెంచాల నూనెతో మూకుడులో, చిన్న మంటమీద మూత పెట్టి మగ్గిస్తే దాదాపు అదే ప్రయోజనం దక్కుతుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. చాలా ఇళ్లలో రోగికి విడిగా చప్పిడి కూర, మిగతావారికి నూనె తేలే వేపుడు వండుతారు. వండే ఇల్లాలికి రెండింతల పని. రోగికేమో, తానొక్కరే శిక్ష అనుభవిస్తున్నట్టు ఉంటుంది. నాలుగు రోజులు పత్యం చేసి అయిదో రోజు మానేసేది అందుకే. మిషను కొన్నా, మూకుడుతోనే సరిపెట్టుకున్నా, తక్కువ నూనె, తక్కువ ఉప్పు ఉన్న ఒకే కూర ఇంటిల్లిపాదీ తినండి. రోగికి పత్యం నిలుస్తుంది, పిల్లలకు చిన్నప్పుడే మంచి రుచి అలవడుతుంది.