పిల్లాడి మోషన్‌కి కూడా ఏఐ దేనికండీ?

మన ఫీల్డులో ఓ జబ్బుంది. ఏ సమస్య కనపడినా మోడల్ ట్రెయిన్ చేసేద్దామంటాం. పిల్లల మలబద్ధకం విషయంలో పీహెచ్‌సీ డాక్టరుకి సలహా చెప్పే సాఫ్ట్‌వేర్ అనగానే మనోళ్ళ మొదటి మాట ఇదే. నాకైతే ఒళ్ళు మండుతుంది.

కోదాడలో ఓ నాలుగేళ్ళ పిల్లాడనుకోండి. రోజూ నిక్కర్లో కాస్త కాస్త అవుతోంది. లూజ్ మోషన్స్ అంటుంది వాళ్ళమ్మ. ఆర్ఎంపీ మోషన్లు ఆగే మందిస్తాడు. నిజానికి లోపల మలం గట్టిపడి అడ్డం పడింది, దాని పక్కనుంచి పల్చటిది కారుతోంది. పిల్లాడికి తెలియకుండానే జరుగుతుందది. అయినా ఇంట్లో దెబ్బలు వాడికే! తర్వాత మిర్యాలగూడ, అక్కడా తగ్గకపోతే సూర్యాపేట. మూడు ఊళ్ళు, మూడు చీటీలు, ఒకరు రాసింది ఇంకొకరు చూడరు.

దీన్ని పట్టుకోడానికి న్యూరల్ నెట్‌వర్కా? వారానికి ఎన్నిసార్లు వెళ్తాడు, గట్టిగా నొప్పితో అవుతోందా, కాళ్ళు బిగించి ఆపుకుంటున్నాడా అని అడిగితే చాలావరకు తేలిపోతుంది. 2016 నాటి రోమ్-4 ప్రమాణాల్లో ఉన్నవి ఇలాంటివే. పుట్టాక మొదటి విరేచనం 48 గంటలు దాటాక అయిందా, కడుపు ఉబ్బిందా, ఆకుపచ్చ వాంతులా? అయితే పెద్దాసుపత్రికి పంపాలి. ఇఫ్-ఎల్స్, అంతే.

అసలు కష్టం ఆ తర్వాతే. 2014లో యూరప్, ఉత్తర అమెరికా పిల్లల గ్యాస్ట్రో డాక్టర్ల సంఘాలు ఇచ్చిన గైడ్‌లైన్ ప్రకారం, అడ్డం తీయడానికి పాలిథిలిన్ గ్లైకాల్ పొడి కిలోకి రోజుకి 1 నుంచి 1.5 గ్రాములు, 3 నుంచి 6 రోజులు. అంటే 15 కిలోల పిల్లాడికి రోజుకి 15 నుంచి 22.5 గ్రాములు. తర్వాత డోసు తగ్గించి కనీసం రెండు నెలలు వాడాలి. మన దగ్గరేమో వారం కాగానే "అవుతోంది కదా" అని ఆపేస్తారు. కొన్నాళ్ళకి కథ మళ్ళీ మొదటికొస్తుంది.

కాబట్టి బరువు ఎంటర్ చెయ్యనిదే ముందుకి కదలని స్క్రీన్ కావాలి. ఫలానా పిల్లాడింటికి ఇవాళ ఫోన్ చెయ్యమని ఏఎన్ఎమ్‌కి చూపించే లిస్టు కావాలి. ఆ పొడి స్టోర్లో ఉందో లేదో తెలియాలి. డెమోలో చప్పట్లు పడవు, నాకు తెలుసు.

పశ్చిమ గోదావరిలో 18 పీహెచ్‌సీల పరిధిలో ఆశా కార్యకర్తలకి, డాక్టర్లకి ట్యాబ్లెట్లిచ్చి, బీపీ, గుండెజబ్బుల మీద స్మార్ట్‌హెల్త్ అని ఇలాంటి ప్రయోగమే చేశారు. 2019లో ఫలితాలొచ్చాయి. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ళ శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ట్యాబ్లెట్టు సలహా చెప్పగలదు గానీ, నెలనెలా బిళ్ళ మింగించలేదు కదా!

అన్నట్టు, బడిలో బాత్రూమ్‌కి తలుపు లేక సాయంత్రం దాకా ఆపుకునే ఆడపిల్లల సంగతేంటి? ఆ ప్రశ్న కూడా ఫారంలో పెట్టండి బాబూ. తలుపు ఎలాగూ మనం కోడ్ చెయ్యలేం.