ఒక సోదరి లేఖకు ప్రత్యుత్తరము: పేకాటలో జతలు

ఒక సోదరీమణి యిట్లు వ్రాసినది. అమెరికాలోనున్న కుమారుని చూడబోయినపుడు అతడు తలిదండ్రులను లాస్ వేగాస్ నగరమునకు గొనిపోయెనట. అచటి జూదశాలలో బ్లాక్‌జాక్ ఆడుచు భర్తగారు రెండు పదులను విడదీసి రెండు పందెములును పోగొట్టుకొనిరి. కుమారుడు రెండు ఎనిమిదులను విడదీయకయే ఆడి గెలిచెను. నాటినుండి భోజనముల వేళ ఇంట నిదియే వాదము. “తప్పెవరిది?” అని యామె ప్రశ్న.

అమ్మా, తప్పు ఇద్దరిదియు. ఒకరు గెలుచుటయు నొకరు ఓడుటయు ఆనాటి ముక్కల చలవ.

ఆట యెఱుగని వారికొఱకు రెండు మాటలు. మన ముక్కల మొత్తము 21 దాటకుండ, పంచువాని మొత్తమును మించవలయును. రాజు, రాణి, జాకీ పదులే. ఆసు ఒకటిగా గాని పదునొకటిగా గాని చెల్లును. పంచువాని ముక్క యొక్కటియే మనకు కనబడును. అతనికి స్వేచ్ఛ లేదు. 16 వఱకు తీయవలసినదే, సాధారణముగా 17 వచ్చిన ఆగవలసినదే. మన మొదటి రెండు ముక్కలును సమానములైనచో, మఱియొక పందెము అంతయే ఒడ్డి, వానిని రెండు ఆటలుగా విడదీయవచ్చును.

రెండు పదులు కలిసి 20. దానిని మించునది 21 ఒక్కటే. పంచువాని యెదుట ఆరు కనబడినదని భర్తగారు ఆశపడిరట. ఆరుతో నతడు నూటికి సుమారు 42 మారులు 21 దాటిపోవుట నిజమే. కాని విడదీయకున్నను ఆ మేలు మనకు దక్కుచునే యున్నది గదా!

ఎనిమిదుల సంగతి వేఱు. కలిసిన 16, ఇది పరమ దరిద్రపు మొత్తము. పంచువాని ముక్క పది యైనపుడు, నూరు డాలర్ల పందెమున 16 మీద ముక్క తీసిన వానికి సగటున సుమారు 54 డాలర్ల నష్టము; విడదీసినచో రెండు పందెములును కలిపి సుమారు 48. గెలుచుటకు గాదు, తక్కువ పోగొట్టుకొనుటకే విడదీయుట. చినిగిన చీరను రెండు తువాళ్లు చేసికొను గృహిణికి ఇది వేఱుగా చెప్పనక్కఱలేదు. ఈ లెక్కలను 1956లో బాల్డ్విన్, కాంటీ, మైసెల్, మెక్‌డెర్మట్ అను నలుగురు అమెరికా సైనికోద్యోగులు బల్లమీది లెక్కయంత్రములతోనే కట్టి ప్రకటించిరి. పిమ్మట ఎడ్వర్డ్ థార్ప్ కంప్యూటరుతో సవరించి 1962లో గ్రంథము వెలువరించెను.

ఆసుల నెపుడును విడదీయవలెను. అయిదులను ఎన్నడును కూడదు. పది యను మంచి మొత్తము చెడును. తొమ్మిదులను పంచువాని ఏడుకు ఎదుట కదపరాదు, 18 అచట చాలును.

సోదరి అడుగని మాట యొకటి కలదు. విడదీయుటకు రెండవ పందెము కావలయును. చేతిలోనిదంతయు మొదటనే ఒడ్డినవానికి ఎనిమిదులు వచ్చిన గతి లేదు. అన్నియు సరిగా నాడినను, మంచి నియమములున్న బల్లయందే నూటికి సుమారు అర డాలరు శాలకు పోవును. ఆసును పదియును మొదటనే కలిసివచ్చుటయే బ్లాక్‌జాక్. దానికి 3కి 2 గాక 6కి 5 ఇచ్చు బల్లయందు నష్టమింకను హెచ్చు. ఆ మాట సాధారణముగా బల్లమీది గుడ్డపైననే అచ్చువేసి యుండును. ఈసారి వెళ్లినపుడు, వారిరువురును కూర్చుండక మునుపే మీరు దానిని చదివి చూడుడు.